స్టెంట్ వేశాక నడక: బీచ్ రోడ్డా, పార్కా, ట్రెడ్‌మిల్లా?

మా నాన్నగారికి గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళం మూసుకుపోకుండా పెట్టే చిన్న జాలీ గొట్టం) వేసినప్పటి నుంచి తెలిసినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: "నడక ఎక్కడ మొదలుపెట్టమంటావు?" డాక్టర్ నడవమన్నాకే ఈ ప్రశ్న. స్టెంట్ మణికట్టు నుంచి వేశారా, తొడ నుంచి వేశారా, గుండెపోటు వచ్చాక వేశారా అన్నదాన్ని బట్టి ఆ మాట ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది.

విశాఖలో నడక అనగానే ఆర్కే బీచ్ గుర్తొస్తుంది. పొద్దున్నే బళ్లు ఆపేస్తారు, సముద్రం చూస్తూ నడిస్తే మనసు తేలికపడుతుంది. కానీ పక్కవాళ్లు చకచకా వెళ్లిపోతుంటే మన వేగమూ తెలియకుండా పెరుగుతుంది. ఎంత దూరం వెళ్తే అంత దూరం వెనక్కి నడవాలి. ఆయాసం సగం దారిలో మొదలైతే? ఉక్కపోత రోజుల్లో అలసట ఇంకా త్వరగా వస్తుంది. ఇసుకలోకైతే అసలు దిగొద్దు, అక్కడ ప్రతి అడుగూ బరువే.

అందుకే మొదటి నెల నా ఓటు పార్కుకే. శివాజీ పార్కు కావచ్చు, మీ కాలనీ పార్కు కావచ్చు. రౌండ్లు కొడతాం కాబట్టి గేటూ బెంచీ ఎప్పుడూ దగ్గర్లోనే ఉంటాయి. ఐదు, పది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా అరగంటకు పెంచుకోవచ్చు.

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం, మాట్లాడుతూ నడవగలగడం. నేను పక్కనే నడుస్తూ నాన్నగారిని ఊరి సంగతులు అడుగుతుంటాను. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగారంటే వేగం తగ్గించేస్తాం. గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకి నాడి పెద్దగా పెరగదు. వాచీలో అంకె తక్కువే ఉందని ధైర్యపడకండి, మాటనే నమ్మండి. ఛాతీలో నొప్పి, బిగుతు అనిపిస్తే వెంటనే కూర్చోవాలి. అలాంటప్పుడు వాడమని డాక్టర్ రాసిచ్చిన, నాలుక కింద పెట్టుకునే మాత్ర జేబులోనే ఉండాలి. నొప్పి ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి, స్కూటర్ మీద ఆస్పత్రికి బయల్దేరొద్దు.

ట్రెడ్‌మిల్ వానాకాలానికి పనికొస్తుంది. వాలు పెట్టకుండా, ఇంట్లో ఎవరైనా ఉన్నప్పుడే ఎక్కాలి.

పార్కులో అరగంట హాయిగా మాట్లాడుతూ నడవగలిగితే బీచ్ రోడ్డుకి మారిపోవచ్చు. కైలాసగిరి ఎక్కడం, సింహాచలం మెట్లు మాత్రం డాక్టర్‌ని విడిగా అడిగాకే.