మూడు రంగుల చేతి లైటు: ఆరు నెలల వాడకం తర్వాత

నేను గూడ్సు రైలు గార్డును. 2022 నుంచి మా హోదా ట్రైన్ మేనేజర్, ఇంట్లో వాళ్లకు మాత్రం ఇంకా గార్డునే. ఈ ఛార్జింగ్ లైటు సొంత డబ్బుతో కొన్నాను.

58 వ్యాగన్ల రైలు సుమారు 650 మీటర్ల పొడవుంటుంది. రైలు చివర గార్డు ఉండే పెట్టె, బ్రేక్ వ్యాన్‌లో నేను ఊపిన పచ్చ దీపం ఇంజిన్‌లోని లోకో పైలట్‌కు కనబడాలి. తిన్నని లైనులో చక్కగా కనబడుతోంది. వంపు వస్తే ఏ లైటూ చేయగలిగింది లేదు.

నచ్చనిది మీట. పచ్చ నుంచి ఎరుపుకు రావాలంటే మధ్యలో తెలుపు దాటాలి. నా పాత లైటులో మీటను ఎడమకు చివరిదాకా తిప్పితే చాలు, చూడకుండానే ఎరుపు.

ఒక వానరాత్రి రెండు స్టేషన్ల మధ్య బండి ఆగిపోయింది. వెనక్కి నడిచి 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటర్ (చక్రం ఎక్కగానే పేలి, వెనక వచ్చే బండి లోకో పైలట్‌ను హెచ్చరించేది), 1200 దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పట్టాలపై బిగించాను. చేతులు రెండూ పనిలో ఉంటే లైటు కోటు గుండీకి వేలాడుతూ వెలుగుతూనే ఉంది. ఆ కొక్కెం చేసినవారికి దండం.

గార్డు బదులు చివరి వ్యాగన్‌కు పరికరం తగిలిస్తే సరిపోతుందని కొందరి వాదన. బ్రేకు గొట్టంలో గాలి పీడనం ఎంతో అది చెబుతుంది సరే, కంకరలో 1200 మీటర్లు నడుస్తుందా? అమెరికా కూడా 2024లో సరకు రైలుకు సాధారణంగా ఇద్దరు సిబ్బంది ఉండాలని నిబంధన తెచ్చింది.

ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత మూడో నెలలోనే ఊడింది, టేపు అంటించాను. అయిదుకు మూడున్నర.