దొడ్లో మంట గోడకు తగిలాక: సున్నమా, గారా, కొత్త గోడా?

అనంతపురం పల్లెల్లో శెనక్కట్టె వామి చాలామందికి ఇంటి వెనక దొడ్లోనే ఉంటుంది. కర్నూలు వైపు జొన్న చొప్ప. ఎండాకాలంలో ఎవరో కసువుకు నిప్పు పెడతారు, గాలి తిరుగుతుంది, వామి అంటుకుంటుంది, వెనక గోడ నల్లబడుతుంది. మంట ఆరి, టెన్షన్ తగ్గాక ఇంట్లో వాదన మొదలవుతుంది. రెండు సార్లు సున్నం కొట్టి వదిలేద్దామా? గార చెక్కించి మళ్లీ పూయిద్దామా? లేక ఆ పక్క గోడే తీసి కట్టుకుందామా?

నా ఓటు చాలావరకు గార చెక్కించడానికే. కానీ గోడ దేనితో కట్టారో చూడకుండా ఏదీ తేల్చకూడదు.

ఇటుక గోడ అయితే అంత భయపడక్కర్లేదు. బట్టీలో దాదాపు 900 డిగ్రీల వేడి చూసి వచ్చిన ఇటుక వామి మంటకు పాడవడం అరుదు. చెడేది పైనున్న సిమెంటు గార. చిన్న సుత్తితో గోడంతా తట్టుకుంటూ వెళ్తే డొల్లగా మోగే చోట్లు తెలిసిపోతాయి. అక్కడి వరకు చెక్కి పూయిస్తే చాలు. గోడ ఒరిగితేనో, పై నుంచి కింది దాకా పగులు వస్తేనో తప్ప కూల్చడం దండగ.

రాతి గోడ సంగతి వేరు. రాయి నిప్పుకు జంకదని మనకో నమ్మకం. గ్రానైట్ బండను పొరగా లేపడానికి దాని మీద మంట పెట్టడం మన దక్షిణాదిలో పాత పద్ధతే. మరి గోడలోని రాయి మాత్రం ఎందుకు ఊరుకుంటుంది? అందులోని స్ఫటికం (క్వార్ట్జ్) 573 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది, రాయి లోపల చీలుతుంది. కడప బండ, బేతంచెర్ల బండ సున్నపురాయి జాతివి. వేడికి పొరలు పొరలుగా పెచ్చులూడతాయి, మరీ కాలితే తెల్లగా పొడి రాలుతుంది. కాగిన రాయి మీద బిందెలతో నీళ్లు పోస్తే ఇంకా పగులుతుంది. మంట ఆర్పేటప్పుడు అది తప్పదు కాబట్టి తర్వాత ఒక్కో రాయినీ తట్టి చూడాలి. పగిలినవి నాలుగైదే అయితే తెలిసిన బేల్దారి మేస్త్రీ వాటిని మార్చి పెడతాడు. మట్టితో కట్టిన గోడలో వరస వరసే వదులైతే మాత్రం ఆ మేర విప్పి కట్టడమే మేలు.

కాంక్రీటు దగ్గర రంగు చూడండి. సజ్జ, స్లాబు అంచు మసి పట్టి నల్లగా ఉంటే సాధారణంగా పెద్ద నష్టం ఉండదు. మసి తుడిచాక గులాబీ రంగు కనిపిస్తే అక్కడికి దాదాపు 300 డిగ్రీల వేడి తగిలినట్టే. పెచ్చు ఊడి కమ్మీ బయటపడితే మేస్త్రీ మాట చాలదు, ఇంజనీరును పిలవాలి. స్లాబు దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని నేనైతే చూడను.

ఇక సున్నం. వేడి తగలక పొగ ఒక్కటే చూరిన గోడకు, పైపై పని చాలు. అయినా మసి మీద నేరుగా కొడితే లాభం లేదు. మసిలో జిడ్డు ఉంటుంది, కొన్నాళ్లకు పసుపు మరకలుగా పైకి తేలుతుంది. తడి గుడ్డతో మొదలుపెడితే మరక గోడలోకి ఇంకుతుంది. ముందు పొడి బ్రష్షుతో దులిపి, తర్వాత సర్ఫు నీళ్లతో కడిగి, బాగా ఆరాక ఆయిల్ ప్రైమర్ వేయించాలి. దాని మీద సున్నం పట్టదు, పెయింటే వేయాలి. అంటే చవక అనుకున్న దారి అంత చవక కాదు.

ఆ గోడలో వైర్లు ఉంటే ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ ఆపేయండి. పైకి బాగున్న పైపులో లోపల వైరు కరిగి ఉండొచ్చు.

జేబులోంచి పెట్టుకోవడమా, క్లెయిమ్ చేయడమా? ఇంటి మీద బ్యాంకు లోను ఉంటే కాగితాలు తీసి చూడండి, లోనుతో పాటు ఇంటి ఇన్సూరెన్స్ పాలసీ కూడా ఉండొచ్చు. 2021 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో అనుకోకుండా జరిగిన అగ్ని ప్రమాదానికి రక్షణ ఉంది. కాంపౌండ్ గోడ, గేటు కూడా ఇంటి కిందికే వస్తాయి. రంగు వరకే అయితే ఆ తిరుగుడు ఎందుకు, సొంతంగా చేయించుకోండి. గోడ, స్లాబు దాకా వస్తే క్లెయిమే దారి. అప్పుడు ఫైర్ స్టేషన్ రిపోర్టు తీసుకోవాలి, కడగకముందే ఫోటోలు తీసిపెట్టుకోవాలి, ఇన్సూరెన్స్ సర్వేయరు వచ్చి చూసేదాకా ఏదీ చెక్కించకూడదు.

గార పని ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకుంటే వారం పాటైనా గోడను రోజుకు రెండు మూడు సార్లు తడపాలి. బోరు ఎండిపోయిన ఊళ్లలో ట్యాంకరు ఖర్చు కూడా మేస్త్రీ చెప్పిన రేటుకు కలుపుకోవాల్సిందే. గోడ నిలకడగా ఉంటే వానలు పడేదాకా ఆగడం నయం.