ఇంక్‌స్కేప్‌లో ఏడాదిన్నరగా బెలూన్లు గీస్తున్నా, నా అనుభవం

నాకు బొమ్మలు రావు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, అక్కడితో ఆగిపోయిన చెయ్యి నాది. పాప పుట్టినరోజు కార్డు నేనే చేద్దామని మొదట ఫోన్లో ఏదో యాప్‌లో వేలితో గీశా, స్క్రీన్ మీద ముద్దుగానే ఉంది గానీ పెద్దది చేసి ప్రింట్ తీస్తే అంచులన్నీ మెట్లు మెట్లుగా వచ్చాయి. అలా కంప్యూటర్లో బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ అనే సాఫ్ట్‌వేర్‌కి వచ్చా. ఫ్రీ, విండోస్, మ్యాక్, లినక్స్ మూడిట్లోనూ నడుస్తుంది, ఫైల్ ఎస్‌వీజీ, అంటే బొమ్మని పిక్సెల్ చుక్కలుగా కాకుండా గీతల లెక్కలుగా దాచే రకం, కాబట్టి అగ్గిపెట్టెంత గీసి గోడంత చేసినా అంచు చెదరదు.

పెన్ టాబ్లెట్ లేదు, ఇప్పటికీ మౌసే. నిజానికి ఇందులో చెయ్యి తిరగాల్సిన పని తక్కువ. ఎఫ్5 నొక్కి నిలువు గుడ్డు ఒకటి గీసి, పాత్‌గా, అంటే ఎక్కడంటే అక్కడ వంచగల గీతగా మార్చి, కింది నోడ్ (గీత మీద పట్టుకుని లాగే చుక్క) పట్టుకుని కాస్త కిందికి లాగితే బెలూన్ అయిపోయింది, అడుగున బుల్లి త్రికోణం పెడితే ముడి. అసలు కిటుకు రంగులో ఉంది. రేడియల్ గ్రేడియంట్ (ఒక చుక్క నుంచి చుట్టూ మెల్లగా మారే రంగు) వేసి వెలుగు చుక్కని నడిమధ్యే ఉంచేశా, ఉడికించిన గుడ్డుని కోసి పెట్టినట్టు ఉంది! ఆ చుక్కని ఎడమ పక్క పైకి జరిపానో లేదో లోపల గాలి నిండినట్టు ఉబ్బింది. ఆ ఉత్సాహంలో గుత్తిలో తేడా కోసం కొన్నిటిని హెచ్ నొక్కి అద్దంలోలా తిప్పేశా, బానే ఉంది గానీ ఏదో తేడా కొడుతోంది, అరగంట చూశాక అర్థమైంది, సగం బెలూన్లకి వెలుగు ఎడమ నుంచి సగానికి కుడి నుంచి పడుతోంది.

నాకు బాగా నచ్చింది క్లోన్. ఆల్ట్ డి కొడితే కాపీ వస్తుంది, అసలుదాని ఆకారం మారిస్తే కాపీలన్నీ మారతాయి. కానీ ఒక్కోదానికి ఒక్కో రంగు వేద్దామంటే కుదరట్లేదు, నెల రోజులు తిట్టుకున్నా. తీరా చూస్తే అసలుదాని ఫిల్‌లో, అంటే లోపల రంగు నింపే చోట, ప్రశ్నార్థకం గుర్తు నొక్కి రంగు లేకుండా వదిలెయ్యాలంట, అప్పుడే క్లోన్లు సొంత రంగు తీసుకుంటాయి. గ్రేడియంట్ బెలూన్‌కి ఇది నాకు కుదరలేదు, చదును రంగు జెండాలకి మాత్రం బంగారం.

జెండాల తోరణానికి ప్యాటర్న్ అలాంగ్ పాత్ ఉంది, ఒక త్రికోణం ఇస్తే తాడు పొడవునా పరుస్తుంది. తాడు మరీ కుంగితే ఆ వంపు దగ్గర త్రికోణాలు కూడా వంగిపోతాయి, అందుకే తొమ్మిదో పదో అయితే నేను చేత్తోనే పెట్టేస్తా. పైగా అన్నీ అచ్చు గుద్దినట్టు ఉంటే ప్రాణం ఉండదు, రెండింటిని కాస్త పక్కకి తిప్పితే గాలి తగిలినట్టు ఉంటుంది. రంగు ముక్కలు చల్లడానికి స్ప్రే టూల్ ఉంది, చేత్తో చల్లినట్టే పడతాయి.

ప్రింట్ దగ్గర తప్పు పూర్తిగా నాదే. ఎక్స్‌పోర్ట్‌లో 96 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క) ఉన్నది ఉన్నట్టే వదిలేశా, ఏ4 పేజీ 794 బై 1123 పిక్సెల్స్ వచ్చింది, కాగితం మీద అంతా మసక. 300 పెడితే 2480 బై 3508. రంగులు స్క్రీన్ మీద కన్నా కాగితం మీద డల్‌గానే వస్తాయి, ముఖ్యంగా ఆ మెరిసే గులాబీ, అందుకని ముందే ఒక చిన్న ముక్క ప్రింట్ తీసి చూస్తున్నా. ఇంకోటి, అరవై బెలూన్లకీ బ్లర్ నీడ పెట్టా, నా పాత లాప్‌టాప్ మొరాయించింది. గీసేటప్పుడు వ్యూ మెనూలో నో ఫిల్టర్స్ పెట్టుకుని ఆ బ్లర్లు కనిపించకుండా చేస్తే తేలిగ్గా నడుస్తుంది.

బ్రష్ పట్టుకుని రంగులు పులుముకునే సరదా ఉంటే క్రీటా చూడండి, అదీ ఫ్రీనే, ఇంక్‌స్కేప్‌లో ఆ సుఖం లేదు. నాలాగా గీత వంకర పోయే వాళ్ళకి మాత్రం ఇదే చెప్తా. ఇప్పుడు మెలికలు తిరిగే రిబ్బన్ మీద పడ్డా, వెనక వైపుకి ముదురు రంగు వెయ్యాలని తెలిసింది, మూడో మెలిక దగ్గర ఏది పైకో ఏది కిందకో మాత్రం ఇంకా తేలట్లేదు.