డార్విన్ కోర్‌ని చాలా ఏళ్లు వాడాక: పేరు మారదు, అర్థం కదులుతుంది

డార్విన్ కోర్ అంటే మ్యూజియం నమూనాల, జీవుల రికార్డులకి అందరూ ఒకే కాలమ్ పేర్లు వాడేలా చేసిన ఉమ్మడి పదజాలం. దాన్ని ఎలా నింపాలో చెప్పే పాఠాలు బోలెడు ఉన్నాయి. ఎండబెట్టిన మొక్కైనా, సూదికి గుచ్చిన పురుగైనా, స్పిరిట్ సీసాలో చేపైనా, లేబుల్ మీదున్న సంగతుల్ని అందరూ గుర్తుపట్టే కాలమ్‌ పేర్లలోకి సర్దడం త్వరగానే పట్టుబడుతుంది. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. ఆ పదజాలం మారుతూ ఉంటుంది, మన డేటాబేస్ కూడా దాంతోపాటు నడవాలి. ఈ సమీక్ష ఆ నడక గురించే. ముందే చెప్పేస్తాను: ఉత్త పదాల జాబితాగా చూస్తే డార్విన్ కోర్‌కి నేను వేసేది యావరేజ్ మార్కులే. పదిమందీ వాడే పదజాలాన్ని పాడవకుండా కాపాడుకోవడంలో మాత్రం ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తగల్లేదు. అందులో ఒక పెద్ద కన్నం కూడా ఉంది, దాని దగ్గరికి వస్తాను.

మ్యూజియంల డేటాబేస్‌లన్నిట్లో ఒకేసారి వెతకగలగాలన్న కోరికతో 1998లో కాన్సస్ విశ్వవిద్యాలయం వేదికగా మొదలైన పని ఇది. జీవవైవిధ్య సమాచార ప్రమాణాల సంస్థ టీడీడబ్ల్యూజీ దీన్ని ప్రమాణంగా ఆమోదించింది 2009లో. మధ్యలో గడిచిన కాలంలో వెర్షన్ నంబర్‌ని పదాల వెబ్ అడ్రస్‌లోనే ఇరికించేవారు. 2003 నాటి డిగిర్ (మ్యూజియం డేటాబేస్‌లలో వెతకడానికి వాడిన పాత పద్ధతి) ఫైల్ ఏదైనా తెరిచి చూడండి, నేమ్‌స్పేస్ (పదాల అడ్రస్ మొదటి భాగం) చివర సంవత్సరం, దాని పక్కన 1.0 కనిపిస్తాయి. దాంతో చిక్కేంటంటే, వెర్షన్ మారినప్పుడల్లా అడ్రస్ మారేది. అడ్రస్ మారితే నిన్నటి క్యాటలాగ్ నంబర్, ఇవాళ్టి క్యాటలాగ్ నంబర్ కంప్యూటర్‌కి రెండు వేరే పదాలు. ఇల్లు మారినప్పుడల్లా పేరు కూడా మార్చుకునే మనిషికి ఉత్తరం రాయాలంటే ఎంత అవస్థో, ఆ రోజుల్లోని ఎక్స్‌పోర్ట్ ఫైళ్లను కలపడం అంత అవస్థ.

2009లో ఈ పద్ధతిని తిరగేశారు. పదం అడ్రస్ శాశ్వతం, అందులో తేదీ గానీ నంబర్ గానీ ఉండదు. ఆ పదానికి వచ్చిన ఒక్కో రూపానికీ మాత్రం విడిగా ఇంకో అడ్రస్ ఉంటుంది, దాని చివర పదం పేరు, హైఫన్, విడుదలైన తేదీ. ఇదంతా గిట్‌హబ్ అనే బహిరంగ సైట్‌లో ఒక మామూలు సీఎస్‌వీ (పట్టిక) ఫైల్‌లో దొరుకుతుంది. ఒక్కో వరసా ఒక పదానికి ఒక వెర్షన్: నిర్వచనం, వ్యాఖ్యలు, ఉదాహరణలు, జారీ తేదీ, ప్రస్తుత స్థితి, ఏ వెర్షన్ స్థానంలోకి వచ్చిందన్న వివరం. స్థితి దగ్గర ‘రికమెండెడ్’ (ఇప్పుడు వాడాల్సినది) అనో ‘సూపర్‌సీడెడ్’ (కొత్తది వచ్చి పక్కకు జరిగినది) అనో ఉంటుంది. పాత వరసని ఎవరూ చెరపరు. జనం చదువుకునే క్విక్ రిఫరెన్స్ గైడ్ కూడా ఈ ఫైల్‌లోంచే తయారవుతుంది. నాకు బాగా నచ్చినది ఇదే. ఒక్కో జీవికి ఇచ్చే గుర్తుకి వాడిన ‘ఇండివిడ్యువల్‌ఐడీ’ అనే పదాన్ని పక్కనపెట్టి ‘ఆర్గానిజమ్‌ఐడీ’ తెచ్చినప్పుడు, పాత ఫైళ్లలో ఆ మొదటి పదం చూసినవాడు దారితప్పకుండా కొత్తదాని దగ్గరికి చేరే బాట అక్కడే ఉంది. స్క్రిప్టు రాసుకుంటే యంత్రమే ఆ బాట పట్టుకుని వెళ్తుంది.

పేర్లు మారినప్పుడు నిజానికి పెద్ద నొప్పి ఉండదు. పేరు అలాగే ఉండి అర్థం జరిగినప్పుడే ఉంటుంది బాధంతా. జీవి ఆ చోటికి ఎలా వచ్చిందో చెప్పే ‘ఎస్టాబ్లిష్‌మెంట్‌మీన్స్’ని చూడండి. ఒకప్పుడు ఈ ఒక్క కాలమ్‌లో ‘నేటివ్’ (స్థానికం), ‘ఇంట్రడ్యూస్‌డ్’ (బయటినుంచి తెచ్చినది), ‘నాచురలైజ్‌డ్’ (వచ్చి స్థిరపడినది), ‘ఇన్వేసివ్’ (విపరీతంగా వ్యాపించేది), ‘మేనేజ్‌డ్’ (మనిషి పెంచేది) అన్నీ కలిపి రాసేవాళ్లం. అడగాల్సిన ప్రశ్నలు మూడు అని తర్వాత తేలింది: ఆ జీవి అక్కడికి మనిషి వల్ల వచ్చిందా తనంతట తానా, వచ్చాక ఎంతవరకు నిలదొక్కుకుంది, ఏ దారిన వచ్చింది. 2020లో పాత పదాన్ని మొదటి ప్రశ్నకి కుదించి, మిగతా రెండిటికి ‘డిగ్రీఆఫ్‌ఎస్టాబ్లిష్‌మెంట్’, ‘పాత్‌వే’ అని కొత్త పదాలు చేర్చారు. మూడింటికీ నియత విలువల జాబితాలు ఇచ్చారు. ఆలోచన వంక పెట్టలేనిది. మా మ్యూజియం సేకరణలోని పాత రికార్డుల దగ్గరికి వచ్చేసరికి పని మొదలైంది. ‘ఇన్వేసివ్’ అన్నది సులువు, మొదటి కాలమ్‌లో ‘ఇంట్రడ్యూస్‌డ్’, రెండో కాలమ్‌లో ‘ఇన్వేసివ్’. ‘నాచురలైజ్‌డ్’ని ‘ఇంట్రడ్యూస్‌డ్’గా, ‘ఎస్టాబ్లిష్‌డ్’గా విడదీశాం, కొంచెం సందేహిస్తూనే. ‘మేనేజ్‌డ్’ మాత్రం లొంగలేదు. తోటలో పెంచిన మొక్కకీ అదే మాట రాసి ఉంది, బోనులో ఉంచిన జంతువుకీ అదే. ఆ రికార్డులన్నిటికీ అసలు లేబుళ్లు తీసి చదవాల్సి వచ్చింది. లేబుల్ ఏమీ చెప్పని చోట కొత్త కాలమ్‌లు ఖాళీగా వదిలి, పాత మాటని రిమార్క్స్‌లో ఉంచేశాం. ఊహించి నింపడం కన్నా ఖాళీ మేలన్నది మా బృందంలో అందరూ ఒప్పుకున్న అరుదైన విషయం.

ఇప్పుడు ఆ కన్నం సంగతి. పదానికి తేదీలవారీ వెర్షన్లు ఉన్నాయి గదా, డేటాలో ఆ తేదీ ఎక్కడుంది? ఎక్కడా లేదు. డార్విన్ కోర్ ఆర్కైవ్ అంటే ఒక జిప్ ఫైల్: డేటా కాలమ్‌లు, డేటాసెట్ గురించి చెప్పే ఈఎమ్ఎల్ ఫైల్, ఏ కాలమ్ ఏ పదమో చెప్పే మెటా ఫైల్. ఆ మెటా ఫైల్లో రాసేది పదం శాశ్వత అడ్రస్సే. అంటే 2012లో ఎవరో ‘ఎస్టాబ్లిష్‌మెంట్‌మీన్స్’ కింద రాసిన మాటని, ఇవాళ దించుకున్నవాళ్లు ఇవాళ్టి నిర్వచనంతో చదువుతారు. అడ్రస్‌ని స్థిరంగా ఉంచినందుకు కట్టే మూల్యం ఇది, తప్పించుకోలేం. పేర్లు అస్తమానం మారడం కన్నా ఇదే నయం అనుకుంటాను. కానీ క్విక్ రిఫరెన్స్ గైడ్ మాత్రమే చదివేవాళ్లకి ఈ ప్రమాదం తట్టదు. మేం చేసుకున్న సర్దుబాటు మోటుగానే ఉంటుంది. డేటాబేస్‌లో ప్రతి కాలమ్‌ పక్కన, మేం పాటించిన పదం వెర్షన్ తేదీ రాసిన ఒక చిన్న పట్టిక పెట్టుకున్నాం. మార్పు చేసిన ప్రతిసారీ ఎందుకు చేశామో రెండు ముక్కలు అందులోనే. ఆ సారాంశం ఈఎమ్ఎల్‌లో పద్ధతుల విభాగంలోకి కూడా వెళ్తుంది. ఎంతమంది చదువుతారో చెప్పలేను గానీ, కొత్తగా చేరిన సహోద్యోగికి ముందు చూపించేది ఆ పట్టికే.

నిబంధన ఎక్కడ రాశారన్నది కూడా చూసుకోవాలి. నిర్వచనంలో ఉన్నది కట్టుబడాల్సినది. వ్యాఖ్యలు, ఉదాహరణలు సలహాలు మాత్రమే, వాటిని తేలిగ్గా మార్చుకునే వీలుంది. నమూనా దొరికిన చోటు మ్యాప్ మీద ఎన్ని మీటర్ల అటూఇటూ ఉండొచ్చో చెప్పే ‘కోఆర్డినేట్‌అన్‌సర్టెన్టీఇన్‌మీటర్స్’ కింద సున్నా చెల్లదన్న మాట నిర్వచనంలోనే ఉంది, తెలియకపోతే ఖాళీగా వదలమని కూడా అక్కడే ఉంది. సేకరించినవాళ్ల పేర్లు ఎక్కువైతే మధ్యలో నిలువు గీత పెట్టమన్నది మాత్రం వ్యాఖ్య. అందుకే గీత బదులు సెమీకోలన్ పెట్టే సంస్థని తప్పుపట్టడానికి లేదు, సున్నా పెడితే పట్టొచ్చు. మేం కొన్నాళ్లు వాడిన ఒక క్యాటలాగింగ్ సాఫ్ట్‌వేర్ అంకెల గడి ఖాళీగా కనిపిస్తే చాలు, అడక్కుండా సున్నా నింపేది. దాని పుణ్యమా అని ఎక్కడ దొరికాయో సరిగ్గా తెలియని నమూనాలన్నీ మ్యాప్ మీద సూదిమొన అంత కచ్చితంగా కూర్చున్నాయి. తయారీదారుకి చెప్తే అది ‘సౌకర్యం’ అన్నారు!

కొత్త పదం కావాలంటే దారి తెరిచే ఉంది. గిట్‌హబ్‌లో ప్రతిపాదన పెట్టి మూడు సంగతులు చూపించాలి: ఒక్క సంస్థకే కాక ఇంకొకరికీ ఇది అవసరమని, ఉన్న పదాలతో పని జరగదని, దీనివల్ల ఇప్పటికే ఉన్న డేటా చెడదని. నిర్వహణ బృందం చూస్తుంది, ముప్పై రోజులు బహిరంగ సమీక్ష, ఆపైన టీడీడబ్ల్యూజీ కార్యవర్గం ఆమోదం. 2017లో ఆమోదం పొందిన పదజాల నిర్వహణ నియమావళి ప్రకారం నడిచే తంతు ఇది. నెమ్మది, అందులో సందేహం లేదు. వందేళ్ల కిందటి నమూనాలు చూసుకునేవాళ్లకి ఆ నెమ్మది నప్పుతుంది. ప్రాజెక్టు గడువు నెత్తిమీద ఉన్నవాళ్లు మాత్రం ఆగలేక, కావలసినవన్నీ ‘డైనమిక్‌ప్రాపర్టీస్’ అనే ఒక్క గడిలో జేసన్ అనే రాత పద్ధతిలో కుక్కేస్తారు. అందులోంచి తర్వాత బయటకు లాగడం తలనొప్పే. నేనైతే ఆ గడిని కొలతలకి తప్ప వాడొద్దంటాను. మన సొంత పదం కావాలంటే మన సొంత నేమ్‌స్పేస్‌లో పెట్టుకోవడం మంచిది. సేకర్తలకి ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు నంబర్), వికీడేటా గుర్తింపులు ఇచ్చే ‘రికార్డెడ్‌బైఐడీ’ జీవవైవిధ్య డేటాని ప్రపంచమంతటికీ అందించే జీబిఫ్ సంస్థ నేమ్‌స్పేస్‌లో నడిచి, పనికొస్తుందని తేలాకే డార్విన్ కోర్‌లోకి వచ్చింది.

ఏబీసీడీ అని ఇంకో ప్రమాణం ఉంది, ఎక్స్‌ఎంఎల్‌లో, చాలా లోతైనది. వివరాలు అరలు అరలుగా దాచుకోవాలంటే అదే బాగుంటుంది. చిన్న బృందంతో నడిచే సేకరణకి అది మోయలేని బరువు. డార్విన్ కోర్ చదును పట్టిక స్ప్రెడ్‌షీట్‌లో పడుతుంది, ఐపీటీ అనే ప్రచురణ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేస్తే ప్రచురణ అయిపోతుంది.

ప్రస్తుతం మా తల తినేస్తున్నది 2023లో వచ్చిన ‘మెటీరియల్‌ఎంటిటీ’. ఇన్నాళ్లూ ‘అకరెన్స్‌ఐడీ’ ఒక్కటే రెండు పనులు చేసింది: ఫలానా చోట ఫలానా రోజున జీవి ఉందన్న సంగతికీ, అల్మారాలో ఉన్న వస్తువుకీ అదే గుర్తు. ఒక చేపనీ దాని మొప్పల్లో దొరికిన పరాన్నజీవినీ ఒకే సీసాలో ఉంచితే ఆ పద్ధతి తడబడుతుంది, అవి రెండు జీవులు గానీ సీసా ఒకటే. ఇప్పుడు వస్తువుకి విడిగా ‘మెటీరియల్‌ఎంటిటీఐడీ’ ఇవ్వొచ్చు. పాత గుర్తులని మాత్రం ముట్టుకోం, అవి మారితే బయట మన రికార్డుల్ని ఉటంకించిన లంకెలన్నీ తెగిపోతాయి. కొత్త కాలమ్‌ని పక్కన చేర్చి, ముందుగా స్పిరిట్ సీసాల నుంచి నింపుతున్నాం. ఎండు మొక్కల షీట్లకి ఇప్పట్లో తొందరేం లేదు.