పిల్లలతో తొలి బ్యాలే: 'నట్‌క్రాకర్' మేలా, 'స్లీపింగ్ బ్యూటీ' మేలా?

మాటల్లేకుండా నాట్యంతో, అభినయంతో కథ చెప్పే పాశ్చాత్య నృత్యరూపకం బ్యాలే. విజయనగరంలో దాన్ని వేదిక మీద చూసే అవకాశం దొరకడం కష్టం. థియేటర్లో తీసిన రికార్డింగే మనకు దిక్కు. ఇంట్లో పిల్లలతో మొదటిసారి చూస్తామంటే చాలామంది 'నట్‌క్రాకర్' పెట్టమంటారు. అది చిన్నది, గంటన్నర పైచిలుకులో అయిపోతుంది. క్రిస్మస్ చెట్టు, ఎలుకల రాజుతో యుద్ధం ఉన్న మొదటి అంకం పిల్లలకు బాగా నచ్చుతుంది. చిక్కంతా రెండో అంకంతోనే. అక్కడ కథ ఆగిపోయి వరసగా నాట్యాలే వస్తాయి. "తర్వాత ఏమైంది?" అని పిల్లలు అడిగితే చెప్పడానికేమీ ఉండదు.

నా ఓటు 'స్లీపింగ్ బ్యూటీ'కే. రెండింటికీ సంగీతం రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీదే. రెండూ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని మరీన్‌స్కీ థియేటర్లోనే మొదటిసారి ఆడారు, ఇది 1890లో, అది 1892లో. కానీ ఇందులో కథకు పట్టు ఉంది. పిలవని పేరంటానికి వచ్చిన కారబోస్ అనే దుష్ట దేవకన్య, పసిబిడ్డ అయిన రాకుమారిని శపించేది మొత్తం చేతులతోనే చెబుతుంది. ముఖం చుట్టూ చెయ్యి తిప్పితే అందగత్తె. పిడికిళ్ళు బిగించి మణికట్లు ఒకదాని మీదొకటి అడ్డంగా పెడితే చావు. కూచిపూడి నేర్చుకునే పిల్లలున్న ఇంట్లో అయితే ఈ అభినయం ఇట్టే పట్టేస్తారు. 1890లో కారబోస్ వేషం కట్టింది ఎన్రికో చెకెట్టి అనే మగ నర్తకుడు. తూర్పు భాగవతంలో మగవాళ్ళు సత్యభామగా ఆడటం చూసిన మన పెద్దవాళ్ళకు అది వింతగా తోచదు.

నిడివి మాత్రం ఎక్కువే. నాందిలాంటి భాగం, ఆపైన మూడు అంకాలు. ఒక్క రాత్రిలో లాగకండి. చావు శాపం నిద్రగా మారి రాకుమారి అందులోకి జారుకునే చోట ఆపితే మర్నాటికి పిల్లలే గుర్తుచేస్తారు. చివరి అంకం పెళ్ళి సందడే, అక్కడా కథ ఉండదు. అయితే పెళ్ళికొచ్చే చుట్టాల్లో బూట్లు తొడుక్కున్న పిల్లి, ఎర్రటోపీ పిల్ల, తోడేలు ఉంటాయి కాబట్టి విసుగు రాదు.

'స్వాన్ లేక్' కొన్నాళ్ళు ఆగాక చూడొచ్చు. మంచి హంస, మాయ హంస రెండు వేషాలూ మామూలుగా ఒకే నర్తకి వేస్తుంది. ఆ తేడా ఆస్వాదించాలంటే కాస్త వయసు రావాలి. పైగా చాలా ప్రదర్శనల్లో ముగింపు విషాదమే.

ఏది చూసినా ఫోన్‌లో వద్దు. 'స్లీపింగ్ బ్యూటీ' మొదటి అంకంలో రాకుమారి అరోరా ఒంటికాలి మునివేళ్ళ మీద నిలబడి, నలుగురు వరుల చేతులు ఒక్కొక్కటీ అందుకుని వదులుతుంది. చెయ్యి వదిలి గాల్లో నిలిపినప్పుడు కింద పాదం ఎంత కష్టపడుతోందో కూడా కనబడాలి. అందుకే టీవీకి కలపండి.