బంతా, చామంతా, ఆస్టరా? ఫాల్ ముందు న్యూజెర్సీ పెరట్లో ఏది మేలు

ఆగస్టు ఆఖరుకి మా ఎడిసన్ వైపు పెరళ్ళన్నీ అలిసిపోయి ఉంటాయి. పెటూనియాలు తీగల్లా సాగిపోయి చివర్న నాలుగు పూలు పూస్తుంటాయి, టమాటా ఆకులు కింద నుంచి పసుపెక్కుతుంటాయి, బీరపాదు ఒక్కటే ఇన్నాళ్ళూ నిద్రపోయి ఇంక చలి వస్తుందనగా హడావుడిగా కాయడం మొదలెడుతుంది. సరిగ్గా అదే టైంకి షాపుల ముందు గుండ్రటి చామంతి కుండీలు దిగుతాయి, ఇక్కడ వాటిని మమ్స్ అంటారు. మనవాళ్ళు కలిసిన ప్రతిచోటా అదే ప్రశ్న: బతుకమ్మ దాకా రంగు ఉండాలంటే ఏం పెట్టాలి?

ఈసారి ఈ ప్రశ్నకి కొంచెం తిరకాసు కూడా ఉంది. పోయినేడాది ఎంగిలిపూల బతుకమ్మ సెప్టెంబర్ 21కే వచ్చేసింది, దసరా అక్టోబర్ 2. ఈ ఏడాది, అంటే 2026లో, జ్యేష్ఠం అధికమాసం వచ్చింది కాబట్టి అన్నీ వెనక్కి జరిగాయి, ఎంగిలిపూల రోజైన పెద్దల అమావాస్య అక్టోబర్ 10, దసరా 20. ఇండియాలో అయితే దీనివల్ల పూలకి పెద్ద తేడా ఏం ఉండదు, ఇక్కడ మాత్రం అక్టోబర్ మధ్య దాటితే ఏ రాత్రైనా ఫ్రాస్ట్ (ఆకుల మీద గడ్డకట్టే మంచు) పడొచ్చు. అంటే పోయినేడాది పనికొచ్చిన లెక్క ఈసారి పనికిరాదు.

ముందు బంతి సంగతి, ఎందుకంటే నా మనసు అటే ఉంది, దాచేదేం లేదు. నేను బంతి విత్తనం కొనను, దీపావళికి గుమ్మానికి కట్టిన దండ తీసి ఎండబెట్టి కవర్లో పడేస్తాను, మే నెలలో రెక్కల అడుగున ఉండే ఆ నల్ల పుల్లల్ని చల్లేస్తాను. అచ్చం అదే పువ్వు వస్తుందని గ్యారంటీ లేదు, హైబ్రిడ్ పూలైతే ఒకటి ముద్దబంతి, పక్కదేమో రేకబంతి, ఇంకోటి మనిషెత్తు పెరిగి రెండే పూలు. అయినా ఖర్చు సున్నా కదా. జులైలో జపనీస్ బీటిల్స్ అనే పురుగులు ఆకుల్ని జల్లెడ చేస్తాయి, ఆగస్టులో ఒక్క గాలివానకి చెట్లన్నీ పడిపోతాయి (ముందే కర్ర పాతి కట్టుంటే పోయేది, ప్రతి ఏడూ అనుకుంటా, ప్రతి ఏడూ మర్చిపోతా), కానీ వాడిన పువ్వు వాడినట్టు తుంచేస్తూ ఉంటే సెప్టెంబర్ అంతా ఆగకుండా పూస్తుంది. మా వీధిలో తిరిగే జింకలు కూడా ఆ వాసనకి దాన్ని ముట్టుకోవు, పక్కనున్న హోస్టా అనే ఆకుమొక్కల్ని మాత్రం మొదలంటా మేసిపోతాయి.

బతుకమ్మ పేర్చడానికి దీన్ని కొట్టేది లేదు. పువ్వు బల్లపరుపుగా గట్టిగా ఉంటుంది, వరస మీద వరస నిలబడుతుంది. పైగా ఎంత కోస్తే అంత పూస్తుంది.

చిక్కు ఒక్కటే, బంతికి చలి పడదు. నిజానికి అది మెక్సికో మొక్క, ఇంగ్లీషులో ఆఫ్రికన్ మారిగోల్డ్ అని ఎందుకో పేరు పడింది. ఒక్క రాత్రి గట్టి ఫ్రాస్ట్ పడితే తెల్లారేసరికి చెట్టు మొత్తం నల్లబడి ఉడికిన తోటకూరలా వేలాడుతుంది. ఈసారి దసరా 20కి కాబట్టి ఫోన్‌లో వెదర్ చూస్తూ ఉండాలి, రాత్రి 36 ఫారన్‌హీట్ దగ్గరికి వస్తుందంటే సాయంత్రమే పాత కాటన్ చీరలు కప్పేయడమే. అంత ఓపిక లేకపోతే ముందురోజు పూలన్నీ కోసి తడి లేకుండా కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో పెట్టుకోండి, నేను ఒకసారి అలా వారం ఉంచాను, పర్లేదు, బానే ఉన్నాయి.

ఇంక చామంతి. షాపు ముందు చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది, ఒక్కో కుండీ పూలబంతిలా ఉంటుంది మరి. పోయినేడు నేను 12 డాలర్లు పెట్టి కొన్న కుండీ మూడు వారాలు వచ్చింది, అదీ నా తప్పే, మొత్తం విచ్చుకున్నది చూసి మురిసిపోయి తెచ్చాను. మొగ్గలు గట్టిగా ఉండి అక్కడక్కడా రంగు కనబడుతున్నది తీసుకోవాలి. ఇంకోటి, ఆ కుండీలో మట్టి కన్నా వేళ్ళే ఎక్కువ, పైనుంచి నీళ్ళు పోస్తే పక్కల నుంచి జారిపోతాయి, బకెట్‌లో కాసేపు ముంచి తీస్తేనే తాగుతుంది. చామంతి రాత్రులు పొడుగయ్యేకొద్దీ మొగ్గ తొడిగే మొక్క, సొంతంగా పెంచుకునేవాళ్ళు రాత్రంతా పోర్చ్ లైట్ వెలిగే చోట పెట్టి "ఇంకా పూయట్లేదేంటి" అని అడుగుతుంటారు.

చలి విషయంలో మాత్రం బంతి కన్నా ఇదే గట్టిది, చిన్న ఫ్రాస్ట్‌ని తట్టుకుంటుంది. కానీ పూలు అయిపోయాక భూమిలో పెడితే మళ్ళీ ఏడు వస్తుందిలే అనుకోకండి. నేను అక్టోబర్‌లో నాలుగు పాతితే వసంతానికి ఒక్కటి లేచింది. అప్పటికే పూతకొచ్చిన మొక్కకి కొత్త వేళ్ళు దించే టైం ఉండదు, చలికాలం మింగేస్తుంది. నిజంగా చామంతి తోట కావాలంటే వసంతంలో నాటి జులై 4 దాకా చిగుళ్ళు గిల్లుతూ ఉండాలి. బతుకమ్మకి కుండీలోంచి కోశారనుకోండి, రెండు వరసలకే కుండీ బోడిగుండు అయిపోతుంది.

ఆస్టర్ గురించి మనవాళ్ళెవరూ మాట్లాడరు, పాపం. న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ ఇక్కడి నేల మొక్కే, ఒకసారి కుదురుకుంటే ఏటా అదే వస్తుంది, ఊదారంగు పూలు, మధ్యలో పసుపు బొట్టు. మామూలు రకం నాలుగైదు అడుగులు పెరిగి వాలిపోతుంది, చిన్న పెరడైతే పర్పుల్ డోమ్ అనే పొట్టి రకం చూడండి. సెప్టెంబర్‌లో మెక్సికోకి బయల్దేరిన మొనార్క్ సీతాకోకచిలుకలు దారిలో దీని మీద ఆగి తేనె తాగుతాయి, మా పిల్లలు స్కూల్ బస్ దిగగానే బ్యాగులు పడేసి అక్కడికే పరిగెత్తేవాళ్ళు. కానీ కోస్తే కాసేపట్లో పువ్వు ముడుచుకుపోతుంది. ఊదారంగు బావుంటుందని మొదటి ఏడాది బతుకమ్మలో పెట్టి గుడి దాకా వెళ్ళేలోపు అభాసుపాలయ్యాను.

తంగేడు ఇక్కడ దొరకదు, దాని పసుపు కోసం రోడ్ల పక్కన పూసే గోల్డెన్‌రాడ్ వాడతాను, తెలిసినవాళ్ళ పెరట్లోదే, పార్కుల్లోది కాదు. అలర్జీ వస్తుందని భయపెడతారు గానీ ఆ తుమ్ములకి అసలు కారణం అదే టైంలో పూసే రాగ్‌వీడ్ అనే కలుపుమొక్క, గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువు, గాల్లో ఎగరదు. గునుగుకి మాత్రం దిగుల్లేదు, నర్సరీలో సెలోసియా అని రాసి అమ్మేది దాని చుట్టమే.

ఇప్పుడు నన్ను అడిగితే, మేలో బంతి వేసినవాళ్ళు దాన్నే నమ్ముకోండి, చీరలు రెడీ పెట్టుకోండి. వెయ్యనివాళ్ళు ఇప్పుడు విత్తనం చల్లితే లాభం లేదు, పూసేలోపు మంచు వచ్చేస్తుంది. మీకు చామంతే దిక్కు, కానీ సెప్టెంబర్ మొదట్లో వచ్చే లేబర్ డే సేల్‌కి ఎగబడకండి, ఆ కుండీ దసరాకి ఎండు పుల్లలే మిగులుస్తుంది, అక్టోబర్ మొదటి వారంలో మొగ్గలున్నది తెచ్చుకోండి, దాన్ని మొక్క అనుకోకుండా పూలగుత్తి అనుకుంటే డబ్బులు పోయాయన్న బాధ ఉండదు. ఆస్టర్ ఈ సెప్టెంబర్ మొదట్లోనే నేలలో పెట్టేయండి, దాని మజా వచ్చే ఏడాది చూద్దురుగాని.

మా ఇంట్లో ఈసారి బంతి పదకొండు చెట్లు, అందులో మూడు ఇప్పటికే వాలి ఉన్నాయి, శనివారం కర్రలు పాతాలి.