పట్టాయా లాడ్జి నిర్వాకం, అమ్మ పాస్‌పోర్టు

థాయ్‌లాండ్‌లో అమ్మ, మా ఆయన, నేను బ్యాంకాక్, అయుత్తయ హాయిగా తిరిగాం. చెప్పుకోవాల్సిందంతా పట్టాయా లాడ్జి గురించే.

బీచ్ రోడ్డు వెనక సందులో గది. రాత్రికి 950 బాత్, డిపాజిట్ 1,000. దిగగానే రిజిస్ట్రేషన్ పేరు చెప్పి మా ముగ్గురి పాస్‌పోర్టులూ తీసేసుకున్నారు. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఇమిగ్రేషన్‌కు తెలపాలన్న రూలు అక్కడ ఉంది, నిజమే. దానికి కాపీ చాలు. ఎన్నిసార్లు అడిగినా "వెళ్లేటప్పుడు ఇస్తాం" అనడమే.

వెళ్లేటప్పుడు అమ్మది ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చారు. సొరుగులోకి ఏసీ నీళ్లు కారాయట! ఫొటో పేజీ లామినేషన్ ఒక మూల లేచిపోయింది. అమెరికా వీసా పక్క పేజీకి అతుక్కుని, విడదీస్తే సిరా అలుక్కుపోయింది. యజమాని "ఆరబెట్టుకోండి" అని, పైగా టవల్‌కు మరకైందని డిపాజిట్‌లో 300 కోశాడు. మా ఆయన అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ చూడలేదు.

అనుకున్నట్టే బ్యాంకాక్ సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో అమ్మను విమానం ఎక్కనివ్వలేదు. టికెట్ల తేదీ మార్పుకు మనిషికి 6,800 రూపాయలు. అమ్మ ఒక్కటే మాట అంది: "చెల్లి కాన్పుకి అమెరికా ఎలా వెళ్లనే?"

1155కి ఫోన్ చేస్తే టూరిస్టు పోలీసులు మాత్రం మనుషుల్లా మాట్లాడారు. రిపోర్టు ఇంగ్లీషులో రాసిచ్చారు, లాడ్జికి ఫోన్ చేసి ఆ 300 కక్కించారు. పాస్‌పోర్టుకు పైసా రాలేదు. సుఖుంవిత్ సోయ్ 23లోని మన ఎంబసీకి ఆ రిపోర్టు, పాస్‌పోర్టు కాపీ, ఫొటోలు ఇస్తే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ వచ్చింది. అది ఇండియాకు తిరిగి రావడానికి ఒక్కసారే పనికొస్తుంది.

అంతటితో అయిపోదు. ఆ కాగితం మీద థాయ్ ఎంట్రీ స్టాంపు ఉండదు కదా. అది వేయించుకోవడానికి ఛేంగ్ వత్తనలోని ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లాలి. ఎంబసీ దగ్గరి అశోక్ కూడలి నుంచి టాక్సీ, టోల్‌తో కలిపి 290 బాత్. అక్కడి ఆఫీసరమ్మ అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, మా పని ముందు చూసింది, ఫీజు తీసుకోలేదు. థాయ్‌లాండ్‌లో ఉండే గడువు ఇంకా ఉంది కాబట్టి రోజుకు 500 బాత్ ఓవర్‌స్టే జరిమానా బాధ కూడా తప్పింది.

ఆ భవనంలోని ఫుడ్ కోర్టులో పసుపు బోర్డు మీద ఎర్ర అక్షరాల 'జే' కనబడింది. అంటే మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు. యాభై బాత్‌కు అన్నం, టోఫు కూర, వేయించిన ఆకుకూర. రెండు పూటలుగా మంచినీళ్లతో ఉన్న అమ్మ మారు వడ్డించుకుంది. శాకాహారులు ఆ బోర్డు గుర్తుపెట్టుకోండి.

మళ్లీ పట్టాయా వెళ్తే కౌంటర్లో పాస్‌పోర్టు ఉంచుకునే చోట దిగను, గది ఉచితంగా ఇచ్చినా సరే. హైదరాబాద్‌లో, పాడైన పాస్‌పోర్టుకు బదులు కొత్తది 3,000 రూపాయలు, తత్కాల్‌కు మరో 2,000. వీసా దెబ్బతింటే అమెరికావాళ్లు మళ్లీ కొత్తగా దరఖాస్తు చేసుకోవాల్సిందే అంటారు. ఆ ఫీజు 185 డాలర్లూ కట్టేశాం. చెల్లికి ఏడో నెల, వీసా ఇంటర్వ్యూ స్లాట్ ఇంకా దొరకలేదు.